మస్టాంగ్ గొంతు మార్చాలంటే హెచ్-పైపా, ఎక్స్-పైపా?

మా బావ కిందటేడు సెకండ్ హ్యాండ్‌లో మస్టాంగ్ జీటీ కొన్నాడు. 2017 మోడల్, 5 లీటర్ల వీ8, అంటే నాలుగేసి సిలిండర్లు రెండు వరుసలుగా ఉన్న ఇంజన్. ఫోర్డ్ కంపెనీ 2016లో మన దేశంలో రైట్ హ్యాండ్ డ్రైవ్‌తో అమ్మడం మొదలుపెట్టిన తరం కారు అది. బెంగళూరు మారతహళ్లిలో అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో పొద్దున్నే స్టార్ట్ చేస్తే గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే ఆ సౌండ్ విని మురిసిపోయాడు గానీ, రింగ్ రోడ్డు ఎక్కాక కంపెనీ సైలెన్సర్ దాన్ని బాగా నొక్కేస్తోందని వారం తిరక్కముందే నాకు ఫోన్ చేశాడు. నేను పీణ్యలో స్టెయిన్‌లెస్ పైపుల పని చేస్తాను, ఎక్కువగా డెయిరీలకి, మందుల ఫ్యాక్టరీలకి. కార్ల పిచ్చి మాత్రం చిన్నప్పటి నుంచీ ఉంది. ఇంజన్ రెండు వరుసల నుంచి విడిగా వచ్చే పొగ పైపుల్ని కారు కింద మధ్యలో కలిపే ముక్క ఏ ఆకారంలో ఉండాలన్నది వాడి ప్రశ్న. "ఎక్స్-పైపా, హెచ్-పైపా, ఒక్క ముక్కలో చెప్పు బావా" అన్నాడు. చెప్పలేకపోయాను. ఈ ఏడాదిలో ఆ ఒక్క కారు కింద రెండూ వేసి, తీసి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. మీ దగ్గర మస్టాంగ్ ఉన్నా, ఎవరైనా దిగుమతి చేసుకున్న షెవర్లే కమారో, డాడ్జ్ ఛాలెంజర్ ఉన్నా లెక్క ఇంచుమించు ఇదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మీరు రోజూ ఇంజన్‌ని ఏ ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పుతారో దాన్ని బట్టి పైపు ఎంచుకోండి, ఎవరో ఖాళీ రోడ్డు మీద రెడ్‌లైన్ (ఇంజన్ గరిష్ట ఆర్‌పీఎం) దాకా లాగిన వీడియోలో విన్నదాన్ని బట్టి కాదు. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా వెళ్లే మనిషి బండి 700 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్యే బతుకుతుంది. ఆ మధ్యలో ఏం వినిపిస్తుందో అదే మీ కారు గొంతు.

చప్పట్లతో మొదలుపెట్టండి

ఈ పైపుల గురించి ఎంత చదివినా నా తలకెక్కలేదు, చప్పట్లు కొట్టి చూసేదాకా. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. ఇద్దరూ కలిసి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఆగకుండా ఒకే వేగంతో లెక్కపెట్టండి, ఎనిమిది అయ్యాక మళ్లీ ఒకటి. మీరు 1, 3, 6, 8 మీద చప్పట్లు కొట్టాలి. పక్కవాళ్లు 2, 4, 5, 7 మీద కొట్టాలి. ముందు మీరొక్కరే కొట్టండి. ఒక చప్పట్లకీ ఇంకోదానికీ మధ్య దూరం రెండు, మూడు, రెండు, ఒకటి. కుంటుతూ నడిచే దరువులా ఉంటుంది. ఇప్పుడు ఇద్దరూ కలిసి కొట్టండి, కుంటు పూర్తిగా పోయి ఎనిమిది దెబ్బలూ సమానంగా పడతాయి.

ఇది నేను కల్పించిన లయ కాదు, ఆ ఇంజన్ ఫైరింగ్ ఆర్డరే. ఈ 5 లీటర్ల ఇంజన్‌లో సిలిండర్లు 1-5-4-8-6-3-7-2 వరుసలో మండుతాయి, ఒకటి నుంచి నాలుగు కుడి వరుస, ఐదు నుంచి ఎనిమిది ఎడమ వరుస. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగేలోపు ఎనిమిదీ ఒక్కోసారి మండుతాయి, ప్రతి 90 డిగ్రీలకి ఒకటి. మొత్తం ఇంజన్‌కి అది సమానమే గానీ ఒక్క వైపు పైపులో చెవి పెడితే మాత్రం 180, 270, 180, 90 డిగ్రీల ఎడంతో దెబ్బలు వస్తాయి. క్రాంక్ మలుపులు ప్లస్ గుర్తులా నాలుగు దిక్కులకీ ఉండే క్రాస్‌ప్లేన్ క్రాంక్ వల్లే ఇలా అవుతుంది. అమెరికన్ వీ8లో మనం ప్రాణం పెట్టే ఆ గుడగుడ, ఐడిల్‌లో (కారు ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు) మింగి మింగి పలికినట్టుండే ఆ గొంతు అంతా ఈ కుంటు దరువు నుంచే పుడుతుంది. షెవర్లే, డాడ్జ్ ఇంజన్లలో ఫైరింగ్ వరుస అంకెలు వేరు, ఒక్కో వైపు వచ్చే ఈ నాలుగు ఎడాలు మాత్రం అవే.

ఇప్పుడు క్రాసోవర్ పైపు, అంటే ఈ హెచ్, ఎక్స్ లాంటి కలిపే ముక్క పని ఏమిటో తేలిగ్గా అర్థమవుతుంది. కుడి పైపు, ఎడమ పైపు ఒకదానితో ఒకటి ఎంత మాట్లాడుకోవాలో అది తేలుస్తుంది, అంతే. అసలు కలపకుండా రెండు పైపుల్నీ విడివిడిగా వెనక్కి తీసుకెళ్తే రెండు కుంటు దరువులు రెండు మూలల నుంచి వస్తాయి. పచ్చిగా, మొరటుగా, కాస్త తెగినట్టు వినిపిస్తుంది, కొందరికి అదే ఇష్టం. హెచ్-పైపు అంటే రెండు పైపుల మధ్య అడ్డంగా ఒక చిన్న వంతెన. గాలి అసలు ప్రవాహం ఎవరి దారిన వాళ్లదే, ఒత్తిడి మాత్రం అటూ ఇటూ సర్దుకుంటుంది. అందుకే మోత కాస్త గుండ్రంగా, లోతుగా అవుతుంది గానీ ఆ కుంటు పోదు. పాత సినిమాల్లో కార్ల గొంతు అంటే నాకు గుర్తొచ్చేది ఇదే, గుండెలో తగిలే మంద్రం. ఎక్స్-పైపులో రెండు పైపులూ ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్తాయి కాబట్టి రెండు వైపుల దెబ్బలూ అక్కడ నిజంగా కలిసిపోతాయి, కుంటు చాలావరకు చదునవుతుంది. ఇద్దరూ కలిసి కొట్టిన ఎనిమిది చప్పట్లు గుర్తు తెచ్చుకోండి. దెబ్బలు దగ్గరదగ్గరగా, సమానంగా పడితే చెవికి శృతి పెరిగినట్టు ఉంటుంది. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఆ గొంతు పదునెక్కి, అరుపులోకి వెళ్తుంది.

ఎక్స్-పైపు వేస్తే ఫెరారీలా అరుస్తుందని అమ్మేవాళ్లు అంటుంటారు. అది నమ్మి డబ్బు పెట్టకండి. ఫెరారీ వీ8లో ఫ్లాట్‌ప్లేన్ క్రాంక్ (మలుపులన్నీ ఒకే తలంలో ఉండేది) ఉంటుంది, ఒక్కో వైపు పైపులోనే దెబ్బలు 180 డిగ్రీలకొకటి సమానంగా వస్తాయి. మస్టాంగుల్లోనే షెల్బీ జీటీ350లో అలాంటి క్రాంక్ పెట్టారు, దాని 5.2 లీటర్ల ఇంజన్ గొంతు మామూలు జీటీకి ఏ పైపు వేసినా రాదు. పైపు గొంతుని సవరించగలదు, పుట్టుకని మార్చలేదు.

వై-పైపు కూడా ఒకటుంది, రెండూ కలిసి ఒకే పైపుగా వెనక్కి పోతాయి. వెనక రెండు వైపులా సైలెన్సర్లు ఉన్న కారుకి దాని గురించి ఆలోచించక్కర్లేదు.

పవర్ సంగతి అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. ఎక్స్ ఎక్కువ ఆర్‌పీఎంలో కొద్దిగా, హెచ్ తక్కువ ఆర్‌పీఎంలో కొద్దిగా సాయపడుతుందని అంటారు, స్టాక్ ఇంజన్‌లో ఆ తేడా సీట్లో కూర్చున్న మనిషికి తెలిసేంత కాదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడి గాలే చెన్నై గాలి కంటే 8-9 శాతం పలచన. టర్బో లేని ఇంజన్‌కి ఆ నష్టం ముందు ఈ పైపు లాభం ఏ మూలకి? గొంతు కోసమే అయితే వేయండి, గుర్రాల కోసం వద్దు.

కొనేముందు ఎలా వినాలి

ఫోన్ స్పీకర్‌లో విని తేల్చుకోవద్దు, ఇది చాలామంది చేసే పని, మేమూ చేశాం. లెక్క చూడండి. 700 ఆర్‌పీఎం ఐడిల్‌లో వీ8 నిమిషానికి 2,800 సార్లు మండుతుంది, అంటే సెకనుకి దాదాపు 47 సార్లు, 47 హెర్ట్జ్. ఆ కుంటు దరువు వల్ల పుట్టే మోతలు దానికంటే కింద కూడా ఉంటాయి. మీ ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. కాబట్టి ఫోన్‌లో విన్నప్పుడు హెచ్‌కి, ఎక్స్‌కి అసలు తేడా ఎక్కడుందో అదే వినిపించదు, పైన ఉండే గరగర మాత్రం వినిపిస్తుంది. దాంతో ఎక్స్ వీడియోలే బాగున్నట్టు అనిపిస్తాయి. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

వీడియో ఎంచుకునేటప్పుడు కూడా జాగ్రత్త. ఒకే కారు, అవే సైలెన్సర్లు, అవే క్యాట్‌లు (పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్లు) ఉండి మధ్య పైపు ఒక్కటే మారినవి మాత్రమే పోల్చండి. ఒక కారుకి హెడర్స్ (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే మొదటి పైపులు) మార్చి, క్యాట్‌లు తీసేసి, ఎక్స్ వేసి, ఇంకో స్టాక్ కారుతో పోల్చి "చూశారా ఎక్స్ దెబ్బ" అంటే అది ఎక్స్ దెబ్బ కాదు. సౌండ్ ఎంత గట్టిగా ఉండాలో తేల్చేది మొదట వెనకున్న సైలెన్సర్లు, తర్వాత రెజొనేటర్లు (దారి మధ్యలో కొన్ని మోతల్ని తగ్గించే డబ్బాలు). క్రాసోవర్ తేల్చేది గొంతు తీరుని. గట్టిగా వినిపించాలన్నదే మీ కోరిక అయితే మీరు తప్పు పైపు కోసం వెతుకుతున్నారు.

ఇంకో మాట, కోల్డ్ స్టార్ట్ విని మోసపోకండి. చల్లగా ఉన్న ఇంజన్ క్యాట్‌లు వేడెక్కించడానికి కాసేపు ఎక్కువ ఆర్‌పీఎంలో తిరుగుతుంది, ప్రతి వీ8 ఆ అర నిమిషం బ్రహ్మాండంగానే ఉంటుంది. వేడెక్కాక ఐడిల్, 1,500 దగ్గర నెమ్మదిగా వెళ్లడం, 2,000 దగ్గర స్థిరంగా పోవడం, ఈ మూడూ కారు లోపల నుంచి రికార్డు చేసిన వీడియో దొరికితే అది బంగారం. బయట నుంచి విని మెచ్చుకునేది పక్కవాళ్లు, లోపల కూర్చుని భరించేది మీరూ మీ ఇంట్లోవాళ్లూ.

అన్నిటికంటే మంచిది ఎవరి కారులోనైనా కూర్చుని వినడం. ఆదివారం పొద్దున నంది హిల్స్ వైపు, దేవనహళ్లి వైపు ఇలాంటి కార్లు వెళ్తుంటాయి. టీ తాగేచోట ఆగినప్పుడు మర్యాదగా అడిగితే చాలామంది కాదనరు, తమ కారు గురించి ఎవరైనా అడిగితే మురిసిపోని వాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు.

మేం చేసిన తప్పు

మొదటి ఎక్స్-పైపు నేను వేయలేదు. అప్పుడు నేను సైట్ పని మీద ఊళ్లో లేను, బావ ఆగలేక ఊరి అవతల ఒక షాపులో చేయించేశాడు. బయట నుంచి విన్నప్పుడు బాగుంది, నాకూ నచ్చింది. తర్వాతి శనివారం మా అత్తని తీసుకుని హిందూపురం పెళ్లికి బయల్దేరాం. హెబ్బాళ దాటి, దేవనహళ్లి దాటి, టాప్ గేర్‌లో వందలో పోతుంటే ఇంజన్ 1,800 దగ్గర నిలబడింది. అక్కడ మొదలైంది. కారు లోపల ఒకటే గుంయ్‌మని మోత, మాట వినపడదు, పాట వినపడదు, చెవుల్లో ఒత్తిడి పెట్టినట్టు ఉంటుంది. బాగేపల్లి రాకముందే అత్త, "ఏమిరా ఈ సద్దు, తలకాయ దిమ్మెక్కతాంది, ఆపండి కాసేపు" అంది. ఆపాం. ఆమె చెట్టు కింద తల పట్టుకుని కూర్చుంటే బావ మొహం చూడలేకపోయాను, నాకూ చాలా బాధేసింది.

దీన్నే డ్రోన్ అంటారు. 1,800 ఆర్‌పీఎంలో వీ8 దెబ్బలు సెకనుకి 120. ఆ 120 హెర్ట్జ్‌కీ కారు క్యాబిన్‌కీ పొంతన కుదిరితే లోపలంతా ఒక పెద్ద కుండలా మోగుతుంది. తిరిగొచ్చాక కారుని ర్యాంప్ ఎక్కించి చూస్తే తెలిసింది, షాపువాళ్లు ఎక్స్ వేయడానికి చోటు కావాలని మధ్యలో ఉన్న రెజొనేటర్లు రెండూ కోసి పారేశారు. మాతో ఒక్క మాట కూడా అనలేదు. రెజొనేటర్ పని ఖచ్చితంగా ఇలాంటి మోతల్ని తినేయడమే. అంటే తప్పు ఎక్స్‌ది కాదు. ఎక్స్ మామూలుగా చూస్తే హెచ్ కంటే డ్రోన్ కొంచెం తక్కువే పెడుతుంది, ఎందుకంటే కింది మోతల్ని అది కొంత చదును చేస్తుంది. అయినా రెజొనేటర్లు తీసేస్తే ఏ పైపూ మిమ్మల్ని కాపాడదు.

కాబట్టి షాపుకి వెళ్లినప్పుడు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న పైపు ధర కాదు, "రెజొనేటర్ ఉంచుతారా, తీస్తారా?" అన్నది. ఉంచి చేయగలిగేవాళ్లకే పని ఇవ్వండి. ఇప్పటికే పోగొట్టుకుని ఉంటే రెండు దారులున్నాయి. కొత్త రెజొనేటర్లు వేయించడం ఒకటి. రెండోది జె-పైపు, అంటే మెయిన్ పైపు పక్కనుంచి ఒక కొమ్మ తీసి చివర మూసేయడం. ఆ కొమ్మలోకి పోయిన మోత చివర తగిలి తిరిగొచ్చేసరికి సరిగ్గా ఎదురు తిరిగి ఉంటుంది, ఆ ఒక్క స్వరాన్ని చంపేస్తుంది. దాని పొడవు ఆ మోత అలలో నాలుగో వంతు ఉండాలి. వేడి పొగలో శబ్దం సెకనుకి దాదాపు 500 మీటర్లు పోతుంది, 120 హెర్ట్జ్‌కి లెక్కేస్తే మీటరు కంటే కొంచెం ఎక్కువ. మూసిన కొమ్మలో వేడి కాస్త తక్కువ కాబట్టి అసలు పొడవు దానికంటే తగ్గుతుంది, అందుకే చివర జారే మూత పెట్టి, నడిపి చూసి, కుదిరిన చోట వెల్డ్ చేయాలి. మస్టాంగ్ కింద మీటరు కొమ్మకి చోటు వెతకడం కష్టం. మేం రెజొనేటర్ల దారే పట్టాం.

ఆ పనిలో పనిగా ఎక్స్ తీసి హెచ్ వేశాం. ఎందుకంటే బావ ఒప్పుకున్నాడు, కొన్న ఆర్నెల్లలో 5,000 ఆర్‌పీఎం దాటించింది పట్టుమని పదిసార్లు లేదని. ఎక్స్ అందం 4,000 దాటాక విప్పుకుంటుంది, అక్కడికి వెళ్లే రోడ్డు మనకి ఎక్కడుంది? హెచ్ వేశాక మొదటిసారి కుందలహళ్లి సిగ్నల్ దగ్గర ఆగి, అద్దాలు దించి, ఇద్దరం ఏమీ మాట్లాడకుండా ఐడిల్ వింటూ కూర్చున్నాం. పచ్చలైటు పడినా గమనించలేదు, వెనక బస్సు హారన్ కొట్టాక కదిలాం.

మీరు ట్రాక్ డేలకి వెళ్లేవాళ్లయితే, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి ట్రాక్‌కో నెలనెలా తీసుకెళ్తుంటే నా సలహా తిరగబడుతుంది. ఎక్స్ వేయండి, మళ్లీ ఆలోచించకండి.

సైజు, మెటల్, స్థానం

పైపు వ్యాసం ఎంత లావైతే అంత మంచిదనుకోవద్దు. రెండు పైపుల సిస్టంలో స్టాక్ లేదా తేలికపాటి మార్పులున్న 5 లీటర్ల ఇంజన్‌కి రెండున్నర అంగుళాలు సరిపోతుంది. మూడంగుళాలు సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి అదనంగా గాలి తోసే పరికరం) వేసే ఉద్దేశం ఉన్నవాళ్లకి. అనవసరంగా లావు పెంచితే గొంతు డబ్బా కొట్టినట్టు బోలుగా అవుతుంది. హెచ్ వంతెన కూడా మెయిన్ పైపు సైజులోనే, లేదా దానికంటే ఒక్క సైజు తక్కువలో ఉండాలి. సన్నటి గొట్టం అడ్డంగా అతికించి హెచ్ అని ఇస్తారు, దాని వల్ల వెల్డర్‌కి కూలి తప్ప మీకు ఏమీ రాదు.

ఎక్కడ పెట్టాలన్నదానికి ఎక్స్‌కి సులువైన జవాబుంది, ఇంజన్ వైపు వీలైనంత ముందు, క్యాట్‌ల వెనక గేర్‌బాక్స్ చోటిచ్చిన దగ్గర. హెచ్‌కి అమెరికాలో పాత హాట్‌రాడ్ (వేగం కోసం మార్చిన కార్లు) మేస్త్రీలు వాడిన ఒక పద్ధతి నాకు చాలా ఇష్టం. రెండు పైపుల మీద పొడవునా మామూలు పెయింట్ గీత గీస్తారు. ఇంజన్‌ని కాసేపు గట్టిగా నడిపి దింపి చూస్తే ఒకచోట పెయింట్ మిగతా చోట్ల కంటే ఎక్కువ మాడి ఉంటుంది. పీడన అలలు గుమికూడి వేడి పెరిగే చోటు అదేనని, వంతెన అక్కడ పెట్టాలని వాళ్ల లెక్క. కొత్త కార్లలో షీల్డులు, సెన్సార్లు, క్రాస్‌మెంబర్ అన్నీ పోగా మిగిలే చోటు చాలా తక్కువ కాబట్టి మనకి అంత స్వేచ్ఛ ఉండదు, అయినా వంగిన చోట కాకుండా తిన్నగా ఉన్న ముక్క మీద పెట్టమని అడగండి.

మెటల్ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ, రోజూ నేను ముట్టుకునే పని ఇది. 409 గ్రేడ్ స్టెయిన్‌లెస్‌లో క్రోమియం 11 శాతం దగ్గర ఉంటుంది, పైన తుప్పు రంగు వస్తుంది గానీ త్వరగా తినేయదు, ధర తక్కువ. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్, ఏళ్ల తరబడి మెరుస్తుంది. షాపులో అయస్కాంతం పెట్టి చూడండి, 409కి గట్టిగా అంటుకుంటుంది, 304కి దాదాపు అంటుకోదు. 304 డబ్బు తీసుకుని 409 వేసే చోట్లు ఉన్నాయి కాబట్టి చెబుతున్నా. వెల్డింగ్ టిగ్‌తో (ఆర్గాన్ వాయువు చాటున చేసే వెల్డింగ్) చేయించండి, పైపు లోపల ఆర్గాన్ నింపి చేయమని నోరు తెరిచి అడగండి. అలా చేయకపోతే వెల్డ్ లోపలి వైపు నల్లగా పొక్కులు పొక్కులుగా మారుతుంది, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. వంపులు మ్యాండ్రెల్ బెండ్, అంటే లోపల అచ్చు పెట్టి నొక్కుకుపోకుండా వంచినవి అయ్యుండాలి. వంచిన చోట పైపు ముడతపడి నొక్కుకుపోయి ఉంటే ఆ రెండున్నర అంగుళాలు అక్కడ రెండే అవుతాయి.

రెడీమేడ్ మిడ్-పైపు (క్రాసోవర్ ఉండే మధ్య పైపు) అమెరికా నుంచి తెప్పించేవాళ్లు ఆర్డర్ పెట్టేముందు అది రైట్ హ్యాండ్ డ్రైవ్ కారుకి సరిపోతుందా అని అమ్మేవాళ్లని రాతపూర్వకంగా అడగండి. మిడ్-పైపులకి ఇబ్బంది తక్కువే, హెడర్స్ అయితే స్టీరింగ్ షాఫ్ట్ కుడివైపు ఉండటం వల్ల తేడా పడుతుంది. బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో క్లాంపులు, గ్యాస్కెట్లు, హ్యాంగర్ రబ్బర్లు దొరుకుతాయి, వాటికోసం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు.

చట్టం సంగతి దాటేసి వెళ్లలేను

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. 2019 సవరణ తర్వాత 182ఎ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190(2) కింద మొదటిసారే 10,000 దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు, పైగా మూడు నెలలు లైసెన్సు పోతుంది. మధ్య పైపు మార్చడాన్ని ఇన్‌స్పెక్టర్ ఎలా చూస్తారో నేను హామీ ఇవ్వలేను, అందుకే మేం పెట్టుకున్న పద్ధతి చెబుతా. క్యాట్‌లు ముట్టుకోలేదు, వెనక సైలెన్సర్లు కంపెనీవే, రెజొనేటర్లు ఉన్నాయి, హెచ్ ముక్కని వెల్డ్ చేయకుండా రెండు చివరలా బ్యాండ్ క్లాంపులతో బిగించాం. కంపెనీ పైపు కోయకుండా దాచి పెట్టుకుంటే గంటన్నరలో కారు మళ్లీ కొన్నప్పటిలా అవుతుంది. బావ కారుకి కంపెనీ పైపు అప్పటికే కోసేశారు కాబట్టి ఇంకోటి వెతికి కొనాల్సి వచ్చింది, ఆ ఖర్చు మీకు రాకూడదు.

క్యాట్ తీసేస్తే గొంతు బాగుంటుందని ఎవరు చెప్పినా వద్దు. చట్టం ఒకటే కాదు, వెనకొచ్చే ఆటోలో పిల్లలుంటారు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు సైలెన్స్ జోన్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఎక్కడైనా అద్దాలు ఎక్కించి నెమ్మదిగా పోండి. మా బావ ఇప్పుడు బేస్‌మెంట్‌లో స్టార్ట్ చేసి వేడెక్కేదాకా నిలబెట్టడం మానేశాడు, పైన మొదటి అంతస్తులో పసిబిడ్డ ఉంది.

బిగించేటప్పుడు

ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి, కనీసం మూడు గంటలు. క్యాట్ వెనక బోల్టులకి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి పెట్టుకుంటే విరగవు. ర్యాంప్ లేకపోతే జాక్ స్టాండ్‌లు నాలుగూ పెట్టాలి, జాక్ ఒక్కదాన్ని నమ్మి కారు కింద దూరొద్దు. కారు మీద ఏ చిన్న వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ తీగ విప్పండి, లేదంటే ఈసీయూకి (ఇంజన్ కంప్యూటర్‌కి) దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఆక్సిజన్ సెన్సార్లు ఉన్నచోటే ఉండాలి, తీగలు పైపుకి తగలకుండా కట్టాలి.

మొదట అన్నీ వదులుగా తగిలించి, పైపుని చేత్తో అటూ ఇటూ ఊపి చూడండి. బాడీకి, గేర్‌బాక్స్‌కి, డ్రైవ్‌షాఫ్ట్‌కి ఎక్కడా అర అంగుళం కంటే దగ్గరగా రాకూడదు. ఎందుకింత అంటే, 304 పైపు మీటరు పొడవు ముక్క 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు వేలు పట్టేంత ఉన్న సందు వేడెక్కాక అంత ఉండదు, పైగా యాక్సిలరేటర్ తొక్కగానే వీ8 ఒక పక్కకి ఒరుగుతుంది. మొదటి షాపు వేసిన ఎక్స్ వేడెక్కాక కింద షీల్డుకి తగిలి టకటకలాడేది, చల్లారితే మాయమయ్యేది, ఆ టకటక ఎక్కడిదో పట్టుకోవడానికే రెండు వారాలు పట్టింది. కిందికి కూడా చూసుకోండి, మెయిన్ పైపు కంటే ఎక్స్ ముక్క ఒక్క అంగుళం కిందికి వేలాడినా మన హంపులు దాన్ని వదలవు.

బిగించాక లీకు చూడటానికి సులువైన దారి: వాక్యూమ్ క్లీనర్‌ని గాలి ఊదే వైపు పెట్టి వెనక పైపులోకి ఊదుతూ, రెండో పైపు గుడ్డతో మూసి, ప్రతి జాయింటు మీద సబ్బు నీళ్లు కొట్టండి. బుడగ వచ్చిన చోట మళ్లీ బిగించండి. చిన్న లీకు కూడా టిక్ టిక్‌మని వినిపిస్తుంది, మీరు అంత కష్టపడి ఎంచుకున్న గొంతుని అదే పాడు చేస్తుంది. తర్వాత ఇరవై నిమిషాలు నడిపి, చల్లారనిచ్చి, క్లాంపులు ఇంకోసారి బిగించండి. 150 కిలోమీటర్లు తిరిగాక మూడోసారి. మేం ఆ మూడోసారి బిగింపు హిందూపురంలో అత్త వాళ్ల ఇంటి ముందు వేపచెట్టు నీడలో చేశాం. ఈసారి ఆమె దారంతా నిద్రపోయింది.